మాట ముందు... మోత తర్వాత!

కొత్త స్పీకర్లు ఇంటికొచ్చిన రోజున మా నాన్న తన పడక కుర్చీని హాల్లోకి లాక్కొచ్చుకుని, వెనక గోడకి చేర్చి దర్జాగా కూర్చున్నారు. పదిహేను రోజులు తిరిగేసరికి ఆ కుర్చీ వరండాలోకి వెళ్లిపోయింది. దాంతోబాటు నాన్న కూడా!

“ఏం నాన్నా, సినిమా చూడటం లేదు?” అనడిగితే, “కళ్లు లాగుతున్నాయిరా, నువ్వు చూడు” అన్నారు.

లాగింది కళ్లు కాదు. ఆ సంగతి నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. తప్పు సినిమాది కాదు, స్పీకర్లదీ కాదు, నాన్నది అసలే కాదు. అచ్చంగా నాది! ఇంట్లో చిన్న సైజు సినిమా హాలు పెట్టుకుందామని ఉబలాటపడుతున్న కుర్రకారు నాలాగా బోల్తా పడకూడదనే ఈ కథంతా చెబుతున్నాను.

ఛాతీ అదిరింది... చెయ్యి జేబులోకి వెళ్లింది!

హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ ఎరగని స్పీకర్ల పిచ్చివాడు ఉండడు. అక్కడే ఓ కొట్లో (పేరెందుకు లెండి!) అద్దాల గదిలో నన్ను కూర్చోబెట్టి, ఓ కుర్రాడు యుద్ధం సీను వేశాడు. ఫిరంగి పేలింది. నా ఛాతీ అదిరింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లిపోయింది. ఆ సీన్లో ఒక్క డైలాగైనా ఉందా, ఉంటే వినబడిందా అని గమనించే ఓపిక నాకెక్కడిది?

తెచ్చినవి ఐదు స్పీకర్లు, 12 అంగుళాల సబ్‌వూఫరు, వీటన్నిటినీ నడిపే రిసీవరు. పెట్టిందేమో 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న మా అద్దె వాటా ముందుగదిలో. మొదటి రాత్రే, బాంబు పేలినప్పుడల్లా అటక మీద మా అమ్మ ఇత్తడి బిందెలు తాళం వేశాయి. ‘ఇదీ థియేటరంటే!’ అని మురిసిపోయాను.

ఈ మోత మోజు నా ఒక్కడిదే కాదు, సినిమావాళ్లకీ పాతదే. 1974లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ఎర్త్‌క్వేక్’ కోసం ‘సెన్సరౌండ్’ అనే పద్ధతిలో హాళ్లలోకి భారీ స్పీకర్లు దించి, చెవికంటే ఒంటికే ఎక్కువ తెలిసే లోతైన ధ్వని వినిపించారు. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్లో పైకప్పు పెళ్లలు ప్రేక్షకుల నెత్తిన రాలకుండా వల కట్టారని చెబుతారు. మా అటక మీది బిందెలు ఆ లెక్కన ఎంత! 1977లో ‘స్టార్ వార్స్’ 70 ఎం.ఎం. ప్రింట్లలో ఆరు ట్రాకులుంటే, రెండింటిని ఈ లోతు ధ్వనికే కేటాయించారు. మన దగ్గర కృష్ణ నటించి, స్వయంగా దర్శకత్వం వహించిన ‘సింహాసనం’ (1986) తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రంగా స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చింది. 1992లో ‘బాట్‌మాన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్, 1993లో ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ వెలిశాయి. ఇవాళ కొట్లో అట్టపెట్టె మీద కనబడే ‘5.1’ ఈ వంశంలో పుట్టిందే.

ఆ 5 అంటే ముందు ఎడమ, ముందు కుడి, నడుమ ఒకటి, పక్కల రెండు. మరి చుక్క పెట్టి 1 ఎందుకు? మనిషి చెవికి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుంది. ఐదు ట్రాకులూ ఆ మేరంతా పాడతాయి. ఆరోది మాత్రం సుమారు 120 హెర్ట్జ్ లోపలి గుర్రుగుర్రులకే పరిమితం. అందుకని దానికి పూర్తి అంకె ఇవ్వకుండా చుక్క ఒకటితో సరిపెట్టారు. ఆ చుక్కవాడికే ఇంటి పెత్తనం అప్పగిస్తే ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాం!

‘టాకీ’ అన్నది అందుకే!

పెద్దవాళ్లు సినిమాని ‘టాకీ’ అనేవారు. ‘ఫలానా టాకీస్’ అన్న బోర్డులు ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. మాట్లాడే బొమ్మ అని అర్థం. మాట వినబడకపోతే అది టాకీ ఎలా అవుతుంది?

హాల్లో డైలాగు తెర వెనక నడుమనున్న స్పీకర్లోంచి వస్తుంది. ఇంట్లో ఆ ఉద్యోగం టీవీ కింద పెట్టే సెంటర్ స్పీకరుది. కథానాయకుడి సవాలు, కమెడియన్ విరుపు, అమ్మ పాత్ర నిట్టూర్పు... దాదాపు అన్నీ దాని మెడకే! అందుకని డబ్బు ఎక్కడైనా తగ్గించండి కానీ ఇక్కడ తగ్గించొద్దు. ముందు మూడు స్పీకర్లూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి అయితే మరీ మంచిది. లేకపోతే కారు ఎడమ నుంచి కుడికి పోయేలోగా దాని గొంతు మూడుసార్లు మారిపోతుంది.

డబ్బు చాలకపోతే సిగ్గుపడక్కర్లేదు. ముందు మూడూ, ఓ చిన్న సబ్‌వూఫరూ కొనుక్కుని, పక్క స్పీకర్లు బోనస్ వచ్చాక తెచ్చుకోండి. మరీ చిన్న గదైతే సౌండ్‌బారు చాలు. కాకపోతే డైలాగుకి విడిగా సెంటర్ చానెల్ ఉన్నదీ, సబ్‌వూఫరు వేరేగా వచ్చేదీ చూసుకోండి. ‘5.1.2’ అంటే ఆ చివరి 2 నెత్తి మీద నుంచి వినిపించేవి. అది డాల్బీ ఆట్మాస్ వ్యవహారం. 2012లో ‘బ్రేవ్’తో మొదలైంది, మన ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) కూడా అందులో వచ్చింది. బాగుంటుంది. కానీ కింద ఐదూ కుదురుకోకుండా పైకప్పు జోలికి పోవడం, పునాది తియ్యకుండా మేడ మీద పిట్టగోడ కట్టడమే!

కొట్టుకి వెళ్లినప్పుడు వాళ్లు వేసే యుద్ధం సీనుకి పడిపోకండి. మీకు బాగా తెలిసిన సినిమా ఒకటి ఫోన్లో పట్టుకెళ్లండి. నలుగురు ఒకేసారి పోట్లాడుకునే సీను, ఓ ఆడమనిషి నెమ్మదిగా మాట్లాడే సీను వేయమనండి. సౌండు తగ్గించి వినండి. తగ్గించినా మాట తెలుస్తోందా? అయితే సరుకున్న స్పీకరు. ఆ తర్వాత డప్పు ఉన్న పాట వేయించండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ తెలియాలి. అంతా కలిసిపోయి ‘బుం...ం...ం’ అని సాగితే, ఆ సబ్‌వూఫరుకి దణ్ణం పెట్టి బయటికొచ్చేయండి.

వాట్ల మాయ

“ఇది ఐదువేల వాట్లు సార్!” అని ఎవరైనా అంటే, ‘పీ.ఎం.పీ.వో.నా, ఆర్.ఎం.ఎస్.నా?’ అనడగండి. పీ.ఎం.పీ.వో. అనేది బోర్డు మీద అంకె, ఆర్.ఎం.ఎస్. అనేది గల్లాపెట్టెలో రొక్కం. నమ్మాల్సింది రెండోదాన్నే.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. వాట్లు రెట్టింపు చేస్తే ధ్వని పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 50 వాట్లకీ 100 వాట్లకీ తేడా చెవికి ‘కాస్త పెరిగింది’ అనిపించేంత. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి! కాబట్టి వాట్ల కంటే స్పీకరు ‘సెన్సిటివిటీ’ అంకె చూడండి. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో చెప్పే అంకె అది. 87 ఉన్న స్పీకరు కంటే 90 ఉన్నది అదే రిసీవరు మీద, రెట్టింపు వాట్లు పోసినంత పలుకుతుంది. పైసా ఖర్చు లేకుండా!

తీగల దగ్గరా మోసపోవద్దు. ఇంట్లో ఉండే దూరాలకి మామూలు 16 గేజి రాగి తీగ చాలు. మరీ దూరమైతే 14 గేజి. బంగారు పూత కబుర్లన్నీ విని నవ్వి ఊరుకోండి.

మిత్రుడు కూర్చున్న చోటు

ఇక అసలు కథకొస్తాను. ఓ రీరికార్డింగ్ థియేటర్లో సహాయకుడిగా పనిచేసే మిత్రుడొకడు ఆదివారం భోజనానికి వచ్చాడు. తిన్నాక ఓ సినిమా పెట్టాను. నేను రోజూలాగే గది నడిమధ్యన కూర్చున్నాను. అతను వెనక గోడకి చేరగిలబడ్డాడు, ఒకప్పుడు నాన్న కుర్చీ ఉన్నచోట. ఐదు నిమిషాలు కాలేదు...

“ఒరేయ్, ఇక్కడ కూర్చుంటే ఒక్క ముక్క వినబడటం లేదురా. అంతా గుమ్ గుమ్! నీకు బానే ఉందా?”

“నాకు బానే ఉంది. ఇంకా కాస్త బేస్ తక్కువేమో కూడా!”

“ఏదీ, నువ్విలా రా!”

వెళ్లి కూర్చున్నాను. నా మొహం మాడిపోయింది. నేను నెలల తరబడి వింటున్న సినిమా అది కానే కాదు. ఎవరో బావిలో పడి అరుస్తున్నట్టుంది!

మిత్రుడు వివరం చెప్పాడు. ధ్వని సెకనుకి సుమారు 1,130 అడుగులు పోతుంది. 40 హెర్ట్జ్ ధ్వనికి ఒక్కో అల పొడవు 28 అడుగులు. మా గది పొడవు సరిగ్గా అందులో సగం, 14 అడుగులు! అలాంటప్పుడు ఆ ధ్వని ముందు గోడకీ వెనక గోడకీ మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ గోడల దగ్గర పోగుపడుతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. నేను కూర్చున్నది మాయమయ్యే చోట. బేస్ చాలడం లేదని రోజూ నేను మీట తిప్పుతూ పోయాను. గోడ దగ్గర కూర్చున్న నాన్న చెవుల్లో అదంతా వరదలా పడింది.

దానికి తోడు వయసు. నాన్నకి డెబ్బై దాటాయి. వయసు మీదపడుతుంటే ముందుగా మందగించేది పైస్థాయి ధ్వనులు వినే శక్తి. మన మాటలో అచ్చులు బలంగా, కింది స్థాయిలో ఉంటాయి. మాటకి అర్థం ఇచ్చే క, చ, త, ప, స లాంటి హల్లుల్లోని చిటుకూ, బుసా మాత్రం పైస్థాయిలో సన్నగా ఉంటాయి. లోతు ధ్వని జోరుగా మోగుతుంటే ఆ సన్నటివాటిని మింగేస్తుంది. అంటే నాన్నకి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తోంది, ‘పప్పు’ అన్నారో ‘తప్పు’ అన్నారో తెలియడం లేదు.

ఆ సాయంత్రం అమ్మనడిగాను. “నాన్న నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా?”

“అంత డబ్బు పోసి ముచ్చటపడి తెచ్చుకున్నావు. వినబడటం లేదంటే చిన్నబుచ్చుకుంటావని మీ నాన్న భయం” అంది.

నా దగ్గర జవాబు లేదు.

ఒక్క ఆదివారం పని

మరుసటి ఆదివారం మిత్రుణ్ని మళ్లీ పిలిచాను. ఇద్దరం కలిసి చేసిందంతా వరసగా చెబుతాను. మీకూ పనికొస్తుంది. కావలసిందల్లా ఓ కొలత టేపు, ఓ తోడు మనిషి.

మొదట గది. చప్పట్లు కొట్టి చూశాం. ‘టంగ్’ మని మారుమోగింది. టైల్స్ నేల, బోడి గోడలు మరి! నేల మీద దళసరి జంపఖానా పరిచాం. కిటికీలకి బరువు పరదాలు వేశాం. పక్కగోడకి పుస్తకాల అలమర చేర్చాం. మళ్లీ చప్పట్లు కొడితే ఆ ‘టంగ్’ చాలావరకు అణిగింది. డైలాగు సగం అక్కడే బాగుపడింది.

తర్వాత కూర్చునే చోటు. నట్టనడుమ వద్దు, గోడకి ఆనుకునీ వద్దు. వెనక గోడ నుంచి గది పొడవులో మూడోవంతు దూరంలో సోఫా వేశాం. నాన్న కుర్చీకి దాని పక్కనే జాగా ఉంచాం.

ముందు స్పీకర్లు. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మన దగ్గర నుంచి ఒక్కోదానికీ ఇంచుమించు అంతే దూరం. అంటే సమబాహు త్రిభుజం. కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి, మొహం మన వైపు కాస్త తిప్పాలి. సెంటర్ స్పీకర్ని నేను షోకేసు అరలో లోపలికి తోసి పెట్టాను. అది అరలోంచి మాట్లాడుతుంటే మాట ముద్దగా రాక ఏమవుతుంది? అర అంచు దాకా లాగి, కింద చిన్న చెక్క పెట్టి మూతి చెవుల వైపు ఎత్తాం.

పక్క స్పీకర్లు మనకి రెండు పక్కలా, భుజాలకి కొంచెం వెనగ్గా, చెవికంటే అడుగో రెండడుగులో ఎత్తున ఉండాలి. చాలామంది ఇళ్లలో ఈ రెండూ కూడా టీవీ పక్కనే బుద్ధిగా నిలబడి ఉంటాయి. ‘షోలే’ (1975) 70 ఎం.ఎం.లో చూసినవాళ్లు రూపాయి బిళ్ల మోగితే తమ సీటు కిందే పడిందేమోనని వంగి వెతుక్కున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్ని స్పీకర్లూ ముందే ఉంటే ఎవరు వంగుతారు?

తీగలు బిగించేటప్పుడు ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. అన్నట్టు, నేను ఓ స్పీకరుకి తిరగేసి బిగించానని అప్పుడే బయటపడింది! అలా చేస్తే బేస్ పలచబడుతుంది, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

ఇప్పుడు సబ్‌వూఫరు. మూల పెడితే జోరు ఎక్కువ, స్పష్టత తక్కువ. మరి మంచి చోటు ఎలా తెలుస్తుంది? దాన్ని ఎత్తి మనం కూర్చునే చోట పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, మనం గోడల వెంట నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ బేస్ సమంగా, బిగువుగా వినబడితే అదే దాని స్థానం. నేను పాకుతుంటే అమ్మ వచ్చి, “ఏం పారేసుకున్నావురా?” అంది. ‘బుద్ధి’ అందామనుకుని ఊరుకున్నాను. ముందు గోడకి మూల నుంచి మూడున్నర అడుగులు ఇవతల దానికి చోటు దొరికింది.

నిజానికి మా గదికి 12 అంగుళాలది ఎక్కువే. ఆ సైజు గదికి 10 అంగుళాలది, ఇంకా చిన్న గదికి 8 అంగుళాలదీ సాధారణంగా సరిపోతాయి. వాటిలోనూ రెండు రకాలు. మూసిన పెట్టె అయితే బేస్ బిగువుగా ఉంటుంది, జాగా తక్కువ తీసుకుంటుంది. కంత ఉన్న పెట్టె అయితే అదే వాట్లకి లోతు ధ్వని ఎక్కువ ఇస్తుంది, సైజు పెద్దది.

చివరికి మీటలు. రిసీవరుతో వచ్చిన మైకుని చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాను ఆపి, దాని లెక్కలు దాన్ని చేసుకోనిచ్చాం. తర్వాత మేం చూసుకున్నవి ఇవి. స్పీకర్లన్నిటినీ ‘స్మాల్’ అని పెట్టి, 80 హెర్ట్జ్ కిందిదంతా సబ్‌వూఫరుకి పంపాం. ఆ స్థాయి కింద ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కాబట్టి సబ్‌వూఫరు పక్కనున్నా ఇబ్బంది లేదు. మీవి మరీ బుల్లి స్పీకర్లయితే ఆ అంకె 100 - 120 దాకా పెంచండి. సబ్‌వూఫరు వెనక ఉన్న క్రాసోవర్ మీటని చివరిదాకా తిప్పేయండి. ఆ పని రిసీవరు చేస్తోంది కదా, ఇద్దరు చేస్తే చెడుతుంది. ఫేజ్ మీటని 0 లోనూ 180 లోనూ పెట్టి, మన చోట ఏది నిండుగా వినబడితే అది ఉంచండి. సెంటర్ స్పీకర్ని 2, 3 డెసిబెల్స్ పెంచండి.

ఇంకో సంగతి. టీవీ సెట్టింగుల్లో ధ్వని ‘పీసీఎం’ అని ఉంటే, ఐదు స్పీకర్లు కొన్నా రిసీవరుకి చేరేది రెండు చానెళ్లే కావచ్చు. ‘ఆటో’ అనో ‘బిట్‌స్ట్రీమ్’ అనో మార్చి, ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్లోనే తీగ గుచ్చండి.

సబ్‌వూఫరు ఎంత ఉండాలి అంటారా? మా మిత్రుడి సూత్రం ఒక్కటే. అది మోగుతోందని తెలియకూడదు, ఆపేస్తే మాత్రం సినిమాలోంచి ఏదో పోయినట్టుండాలి.

కింద వాటా వాళ్ల మాట

పై స్థాయి ధ్వనిని గోడ చాలావరకు ఆపుతుంది. లోతు ధ్వనిని ఆపలేదు. నేలలోంచి, గోడల్లోంచి పక్కింటికి పోతుంది. సబ్‌వూఫరు కింద దళసరి రబ్బరు చాపో, ఫోము దిమ్మో వేస్తే నేల అదరడం కొంత తగ్గుతుంది. రాత్రి రిసీవర్లో ‘నైట్ మోడ్’ పెట్టుకుంటే పేలుళ్లు అణిగి, గుసగుసలు పైకి వస్తాయి. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. చట్టం సంగతి అలా ఉంచండి. కింద వాటాలో పిన్నిగారు పొద్దున్నే కాఫీపొడి అప్పు ఇవ్వాలంటే రాత్రి మనం బుద్ధిగా ఉండాలి!

వరండాలోంచి తిరిగొచ్చిన కుర్చీ

ఆ రాత్రి ఏ బాంబుల సినిమా పెట్టలేదు. 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపు ప్రింటు పెట్టాను. అప్పటి సినిమాలకి ఉన్నది ఒకే ఒక్క ట్రాకు. రిసీవర్ని సరౌండ్ పద్ధతిలో ఉంచితే ఆ ధ్వని అంతా నడుమనున్న సెంటర్ స్పీకర్లోంచే వస్తుంది. మిగతావన్నీ దాదాపు మూగనోము పట్టాయి. నేను ఛాతీ అదరగొట్టుకుని కొన్న ఆ 12 అంగుళాల మహానుభావుడికి అసలు పనే లేదు! ఎన్నో దశాబ్దాల తెలుగు సినిమా ఆ ఒక్క స్పీకర్లోంచే ఇంట్లోకి రావాలని అప్పుడు అర్థమైంది.

పది నిమిషాలకి వరండాలో కుర్చీ కిర్రుమంది. ఇంకో ఐదు నిమిషాలకి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. తర్వాత కుర్చీ ఈడ్చుకొచ్చి, ఖాళీగా ఉంచిన జాగాలో వేసుకున్నారు. తెరమీద వాళ్లకంటే అరక్షణం ముందే నవ్వడం మొదలుపెట్టారు.

“ఏం నాన్నా, కళ్లు లాగడం లేదూ?” అన్నాను మెల్లిగా.

“ష్... మాట విననీరా!” అన్నారు.